చిన్న అల

పొగతోటలో మా స్కానింగు గది మెట్ల కింద ఉంటుంది.
ఏసీ నీళ్లు బకెట్లో పడే చప్పుడు తప్ప
అక్కడ వినపడేవన్నీ గుండెలే.

ఇవాళ పదకొండో టోకెను
పామంజి తులసమ్మ, నలభై రెండేళ్లు, ఇసకపల్లి.
జెల్ పూయబోతే చెయ్యి అడ్డం పెట్టింది:
"పొద్దస్తమానం ఐసులోనే ఉంటాన్మే,
ఇంకా చల్లంది వద్దు."
అరచేతుల్లో రుద్ది వెచ్చజేసి పూశాను.

తెర మీద నాలుగు గదులు.
కింద రెండూ కండ ఉన్నవి,
తన్నేవి, పేరు తెచ్చుకునేవి.
నాకిష్టం పై రెండే.
కర్ణికలంటారు. చెవి అనే మాటలోంచి పుట్టిన పేరు.
ఒక్కోదానికి అంచున మడతపడ్డ చిన్న చెవి కూడా ఉంటుంది.
పల్చటి గోడలు.
ఒళ్లంతా తిరిగి అలిసొచ్చిన నెత్తురు కుడిదాంట్లో,
ఊపిరితిత్తుల్లో మొహం కడుక్కొచ్చింది ఎడమదాంట్లో,
రెప్పపాటు కూచుంటాయి.
తలుపు తెరుచుకోగానే
చాలామటుకు దానంతటదే కిందికి జారిపోతుంది.
మిగిలిన ఆఖరి గుక్కను
కర్ణిక మునివేళ్లతో నొక్కినట్టు నొక్కి పంపుతుంది.
ఆ నొక్కుకి ఈసీజీ కాగితం మీద
పెద్ద ముల్లుకి ముందు ఒక చిన్న అల.
దాన్ని చూసేవాళ్లు తక్కువ.

రెంటి మధ్య గోడలో బొటనవేలి ముద్రంత గుంట.
అమ్మ కడుపులో ఉన్నన్నాళ్లూ అది దారి.
మొదటి ఏడుపుతో మూతపడింది.
ఎన్ని గుండెల్లో చూశానో ఆ ముద్ర,
ఎవరి వేలో మాత్రం తెలీలేదు.

తులసమ్మ కాగితంలో చిన్న అల లేదు.
ఆ చోట గీత ఊరికే వణుకుతోంది.
ముల్లుకీ ముల్లుకీ దూరం కుదరడం లేదు,
అల్లూరు బస్సుల్లాగ.

తొమ్మిదేళ్లప్పుడు గొంతునొప్పి.
ఆనక మోకాలు, మోచెయ్యి,
వాపు ఒక కీలు దిగి ఇంకో కీలెక్కింది.
"మాయమ్మ దిష్టి తీసింది. తగ్గిపొయిందిగా."
తగ్గలేదు తులసమ్మా,
లోపలికెళ్లి తలుపు రెక్కల్ని అతికిస్తూ కూచుంది,
ముప్పై ఏళ్లు, తీరిగ్గా.
వచ్చేది వస్తూనే ఉంది. పోయే సందు లేదు.
పై గది సాగింది.
నాలుగు సెంటీమీటర్లు దాటకూడనిది
ఆరుంబావు.
రెండుసార్లు కొలిచాను.

తెర ఆమె వైపు తిప్పాను.
తిప్పకూడదు, డాక్టరుగారికి నచ్చదు.
చాలాసేపు చూసింది.
"ఇది నాకు తెలుసున్మే" అంది.
"గుంటలోంచి వల పైకెత్తితే
అడుగున రొయ్యలన్నీ ఇట్నేగదా ఆడేది.
అన్నీ కదల్తా ఉంటాయి. యాడికీ పోవు."

పద్దెనిమిదేళ్లుగా కంపెనీలో
తలలు తీసే బల్ల దగ్గర పని ఆమెది.
కిలోకింతని. నిలబడే.
"రొయ్యకి గుండె తలకాయలో ఉంటాది, తెలుసునా నీకు?
ప్రాణమున్న సరుకైతే
తీసినాక గూడా గోటి కింద కొట్టుకుంటాది కొంచేపు.
ఎన్ని తీసుంటానో."
నవ్వబోయి, ఆయాసమొచ్చి ఆపేసింది.

ఎడమ చెవి మడత ఈ యంత్రానికి సరిగా అందని మూల.
అయినా ప్రోబు వాల్చి వెతికాను.
కదలని నెత్తురు మెల్లగా సుళ్లు తిరుగుతోంది.
మేం దాన్ని పొగ అనే అంటాం, పొగతోటలో కూచుని.
పొగ గడ్డకడితే, గడ్డ జారితే,
జారింది తలకెక్కితే,
పోయేది మాటో, చెయ్యో.
తులసమ్మకి రెండు చేతులూ కావాలి.

జెల్ పైటకొంగుతో తుడుచుకుంటూ అడిగింది:
"ఆ చిన్న అల మళ్లీ వస్తాదంటావా?"
డాక్టరుగారు చెప్తారన్నాను.
నెత్తురు పల్చబడే మాత్రలు, నెలనెలా పరీక్ష,
అతుక్కున్న తలుపుకి బెలూను,
అవన్నీ ఆయన చెప్తారు.
నేను అంకెలు రాసేదాన్ని.

ఈసీజీ ముక్క ఒకటి అడిగి తీసుకుంది.
నాలుగు మడతలు పెట్టి
కంపెనీ కార్డు వెనక దోపుకుంది.

పన్నెండో టోకెను పిలవాలి.
బకెట్టు నిండిపోయింది.
ముందు పారబోసి రావాలి.